ఇంగ్లీషు పదాలకు కూడా క్యూరింగ్ కావాలె

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాట ఇది. వినడానికి వీలు కానోళ్ల కోసం రాసి పెడుతున్నం.)

డ్యూటీ దిగి బస్సులో క్యాంపుకు పోతూ వింటున్నోళ్లకు, కిచెన్‌లో లైన్ కట్టి పొయ్యి కోసం చూస్తూ వింటున్నోళ్లకు, ఇండ్లల్లో పని చేసుకుంటూ చెవిలో పెట్టుకున్న అక్కలకు, అందరికీ నమస్తే.

నేను పెద్ద చదువు చదివినోన్ని కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసిన. మాది జగిత్యాల దిక్కు. పంతొమ్మిదేండ్ల కింద స్టీల్ ఫిక్సర్ వీసా మీద దుబాయ్ వచ్చిన. ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. ఈ వారం పిల్లల చదువు గురించి మాట్లాడుమన్నరు. నాకు తెలిసింది ఒక్కటే చెప్త. పది నెలల సంది మా బిడ్డ, నేను, మా ఇంటామె ముగ్గురం కలిసి ఇంగ్లీషు పదాలు నేర్చుకుంటున్నం. అది ఎట్ల మొదలైంది, ఏం తప్పులు చేసినం, ఏం పనికొచ్చింది, అదే ఈ వారం ముచ్చట.

ముందు ఒక పాత సంగతి. నేను వచ్చిన కొత్తలో ఒక కంపెనీల పని చేసిన. పేరు ఎందుకులే. పని అయిపోయింది, మనుషులను తీసేస్తున్నరు. లెక్క చూసి ఒక కాయితం ఇచ్చిండ్రు, సంతకం పెట్టుమన్నరు. నేను ఐటీఐ చదివిన గదా అని రూములోళ్లందరి ముందు గొప్పగ చదివిన. అన్ని మాటలు తెలిసినట్టే ఉన్నయి. ఒక్కటే కొత్తగ ఉన్నది: వేవ్. వేవ్ అంటే అల, లేకుంటే చెయ్యి ఊపుడు అనుకున్న. మధ్యల 'ఐ' అనే అక్షరం ఒకటి ఎక్కువున్నది, అచ్చు తప్పేమో అనుకున్న. సంతకం పెట్టిన. నన్ను చూసి మరో నలుగురు పెట్టిండ్రు. ఆ 'ఐ' ఉన్న వేవ్‌కు అర్థం, నాకు రావలసిన హక్కును నేనే వదులుకుంటున్న అని. ఎనిమిది నెలల ఓవర్‌టైమ్ పైసలు అట్లనే పోయినయి. నావి పోతే పోయినయి, నన్ను నమ్మి పెట్టిన నలుగురివి కూడా పోయినయి. వాళ్లల్ల ఒకాయన ఇప్పటికీ పండుగకు ఫోన్ చేస్తడు, ఆ మాట ఎత్తడు. ఎత్తకపోతేనే నాకు బాధ.

అందుకే బిడ్డ విషయం వచ్చేసరికి పదాల సంగతి నాకు చిన్నగ అనిపించలేదు.

బిడ్డ పదో తరగతి దాక తెలుగు మీడియం. ఇప్పుడు గవర్నమెంట్ జూనియర్ కాలేజీల ఇంటర్ అయిపోయింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల అయిదేండ్ల ఎంఏ, ఎకనామిక్స్ చదువుత అంటది. దానికి సీయూఈటీ అనే పరీక్ష రాయాలె. మన దగ్గర ఎప్‌సెట్ తెలిసినంతగ ఈ పరీక్ష తెల్వదు. ఎప్‌సెట్‌ల ఇంగ్లీషు పేపర్ ఉండదు. సీయూఈటీ 2022ల మొదలైంది, దేశంల చాలా సెంట్రల్ యూనివర్సిటీలల్ల డిగ్రీ అడ్మిషన్లకు అదే దారి. 2025ల పెట్టిన పద్ధతి ప్రకారం ఒక్కో పేపర్‌కు 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. కరెక్ట్ అయితే 5 మార్కులు, తప్పయితే 1 మార్కు కోత. ఇంగ్లీషు పేపర్‌ల చదివి జవాబు చెప్పే పేరాలుంటయి, వాక్యాలు వరుసల పెట్టుడు ఉంటది, సమానార్థాలు, వ్యతిరేకార్థాలు, ఖాళీల సరైన మాట పెట్టుడు ఉంటయి. పేరా చదివేటప్పుడు కూడా మాట తెల్వకపోతే ముందుకు పోలేం. అంటే సగం బరువు పదాల మీదనే.

కోచింగ్‌కు ఒక చోట ముప్పై వేలు అడిగిండ్రు. ఆ నెల ఇంటి అప్పు కిస్తీ ఉన్నది. బిడ్డనే అన్నది, వద్దు నాయినా, నేనే చదువుకుంట అని. పట్నం పోయి వెయ్యి పదాల పుస్తకం కొనుక్కొచ్చింది. 'ఏ' నుంచి మొదలుపెట్టి 'డీ' దాక బట్టీ పట్టింది. పోయిన జూన్‌ల పాత ప్రశ్నలు ముందు పెట్టుకొని ఇంట్లనే పరీక్ష రాసుకున్నది. పదాల మీద పన్నెండు ప్రశ్నలు, మూడు కరెక్ట్. రాత్రి ఫోన్‌ల ఏడ్చింది.

నాకేం చెప్పాల్నో తెల్వలేదు. ఒక ప్రశ్న చదువు బిడ్డా అన్న. చదివింది. ఒక తాత మనవడికి 'సౌండ్ అడ్వైస్' ఇచ్చిండు అని వాక్యం. ఇక్కడ సౌండ్‌కు దగ్గరి అర్థం ఏది? నాయిజీ, రిలయబుల్, రీసెంట్, లెంగ్తీ. మా బిడ్డ నాయిజీ పెట్టింది. సౌండ్ అంటే శబ్దమే గదా నాయినా అన్నది.

నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే జవాబు నాకు తెలుసు. ఆ వారమే మా సైట్ల ఒక కాలమ్ కింద హనీకూంబ్ వచ్చింది. తెలియనోళ్లకు చెప్త, వైబ్రేటర్ సరిగ్గ పెట్టకపోతే కాంక్రీట్ లోపల తేనెతుట్టె లెక్క బొక్కలు మిగులుతయి. కన్సల్టెంట్ రిపోర్ట్ రాసిండు: వదులుగ ఉన్నదంతా చెక్కెయ్యండి, సౌండ్ కాంక్రీట్ వచ్చే దాక పోండి అని. సౌండ్ కాంక్రీట్ అంటే గట్టిది, లోపం లేనిది, నమ్మదగ్గది. సౌండ్ అడ్వైస్ కూడా అంతే బిడ్డా, నమ్మదగ్గ సలహా అన్న.

అటు దిక్కు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అన్నది, నాయినా, నీకు ఇంకేం మాటలు తెలుసు?

అన్నలూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం రోజూ చూసే కాయితాలు యాదికి తెచ్చుకున్న. పర్మిట్, మెథడ్ స్టేట్‌మెంట్, రిస్క్ అసెస్‌మెంట్, స్నాగ్ లిస్ట్. అండ్ల ఉన్న మాటలు, పరీక్షల అడిగే మాటలు చాలా వరకు ఒకటే. రెక్టిఫై, డీవియేషన్, అడ్జసెంట్, టాలరెన్స్, స్ట్రింజెంట్, సబ్‌సీక్వెంట్, డిటీరియరేట్. మనం పెన్ను పట్టకపోవచ్చు, కానీ ఈ మాటల నడుమ పొద్దంత నిలబడుతున్నం.

అట్ల మొదలైంది. ఎండాకాలంల ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాక ఎండల పని బంద్ గదా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక. ఆ టైమ్‌ల నీడకు కూసొని రోజుకు ఒక మాట పట్టుకొని వాయిస్ మెసేజ్ పెట్టేటోన్ని. అది సైట్ల ఏం పని చేస్తదో చెప్పేటోన్ని. బిడ్డ దాన్ని డిక్షనరీల చూసి, ఇంకా ఎక్కడెక్కడ వాడుతరో వెతికి, రాత్రి నాకు చెప్పేది.

ఒక ఉదాహరణ చెప్త. పక్క ప్లాట్‌ల బేస్‌మెంట్ తవ్వుతుంటే మా కాంపౌండ్ గోడ కింది మన్ను జారింది. గోడ పైకి మంచిగనే ఉన్నది, పగులు కూడా లేదు. రిపోర్ట్‌ల రాసిన మాట: అండర్‌మైన్డ్. కింద తవ్వి పునాదిని బలహీనం చేసుడు. పాతకాలంల కోటను పడగొట్టాలంటే గోడ కింద సొరంగం తవ్వేటోళ్లు, మాట అక్కడి నుంచి వచ్చింది. ఇప్పుడు పేపర్లల్ల నమ్మకాన్ని అండర్‌మైన్ చేసిండ్రు, అధికారాన్ని అండర్‌మైన్ చేసిండ్రు అని రాస్తరు. ఎదురుంగ వచ్చి కొట్టుడు కాదు, కింద నుంచి మెల్లగ తవ్వుడు. బిడ్డ దానికి వ్యతిరేకం వెతికింది. బట్రెస్ దొరికింది, అంటే గోడ పడకుండ బయటి నుంచి ఆసరాగ కట్టే దిమ్మె. బోల్‌స్టర్ దొరికింది, దాని అసలు అర్థం పొడుగు దిండు, ఇప్పుడు ఆసరా ఇచ్చుడు. రీఇన్‌ఫోర్స్ మనకు తెలిసిందే, స్టీల్ కట్టినోనికి చెప్పాల్నా?

తర్వాత సొంత వాక్యం రాయాలె, అది మా రూలు. ఏం రాసిందో తెలుసా? అత్త మాటలు అమ్మ ధైర్యాన్ని అండర్‌మైన్ చేసినయి, మామ ఫోన్ బోల్‌స్టర్ చేసింది. అత్త అంటే మా చెల్లె. ఈ ఎపిసోడ్ ఆమె వినకూడదని మొక్కుకుంటున్న. కానీ ఆ రెండు మాటలు మా ఇంట్ల ఎవ్వరూ మర్చిపోరు.

ఇంకోటి, దగ్గర దగ్గర మాటలు. పరీక్షల మనల్ని పడగొట్టేది అవే. ఎలిమినేట్, మిటిగేట్ రెండూ ఆప్షన్లల్ల ఉంటయి. సేఫ్టీ ట్రైనింగ్‌ల కూసున్నోళ్లకు తేడా తెలుసు. ఎత్తు మీద చేసే పనిని కిందనే చేసి పైకి లేపితే ప్రమాదం ఎలిమినేట్ అయింది, లేకుండనే పోయింది. ఎత్తు మీదనే చేస్తూ కింద నెట్ కడితే మిటిగేట్ అయింది, ప్రమాదం ఉన్నది, దెబ్బ తగ్గింది. వాక్యంల ప్రమాదం ఇంకా మిగిలే ఉన్నట్టు కనబడితే ఎలిమినేట్ పెట్టొద్దు. ఇట్ల చెప్తే బిడ్డకు ఒక్కసారికే పట్టింది.

కొన్ని మాటలు కుటుంబం లెక్క ఉంటయి. 'స్ట్రక్ట్' అనేది లాటిన్ మాట నుంచి వచ్చింది, పేర్చుడు, కట్టుడు అని అర్థం. మేస్త్రీ మాట అన్నట్టు. కన్‌స్ట్రక్ట్, కలిపి కట్టుడు. అబ్‌స్ట్రక్ట్, ఎదురుంగ కట్టుడు, అంటే అడ్డం పెట్టుడు. ఇన్‌స్ట్రక్ట్, లోపల పేర్చుడు, అంటే నేర్పుడు. డిస్ట్రక్షన్, కట్టింది విప్పుడు. ఒక్క వేరు పట్టుకుంటే నాలుగు కొమ్మలు చేతికి వస్తయి. ప్లంబర్ మాట కూడా అంతే. లాటిన్‌ల ప్లంబమ్ అంటే సీసం. రోమన్‌ల కాలంల పైపులు సీసంతో చేసేటోళ్లు. గోడ నిలువు చూసే గుండును ప్లంబ్ బాబ్ అనేది కూడా సీసం వల్లనే.

వినడానికి ఒకటే ఉండి వేరే వేరే మాటలుంటయి, వాటితోని జాగ్రత్త. కోర్స్ అంటే కాలేజీ కోర్సు, ఇటుకల వరుసను కూడా కోర్స్ అంటరు. కానీ కంకరను కోర్స్ అగ్రిగేట్ అన్నప్పుడు స్పెల్లింగ్ వేరే, అర్థం ముతక. నా 'వేవ్' కూడా ఇట్లాంటిదే గదా. స్పెల్లింగ్ కండ్లతో చూడకుండ, వట్టి చెవితో నేర్చుకుంటే నా లెక్కనే అయితది.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి రెండు నెలలు మస్తు ఉషారుగ నడిచింది. ఆగస్టుల ఒకరోజు జూన్ నాటి మాటలు అడిగిన. సగం మర్చిపోయింది. మళ్లా కండ్ల నీళ్లు. అప్పుడు నాకు తట్టింది. బిడ్డా, స్లాబ్ పోసి ఇంటికి పోతమా? క్యూరింగ్ చెయ్యమా? నీళ్లు కట్టకపోతే పైకి గట్టిగనే కనబడుతది, లోపల బలం రాదు, పగుళ్లు వస్తయి. స్లాబ్ పోసిన నాడే క్యూబ్‌లు కూడా పోసి పెడతం. ఏడో రోజు కొన్ని, ఇరవై ఎనిమిదో రోజు కొన్ని ల్యాబ్‌ల పగలగొట్టి బలం చూస్తరు. ఏడు రోజులకు సుమారు మూడింట రెండొంతుల బలం వస్తది, మిగతాది మెల్లగ వస్తది. మనం కూడా పదాలను అట్లనే చూద్దం అన్న.

అప్పటి నుంచి లెక్క ఇది. రోజుకు అయిదు పదాలు, ఎక్కువ వద్దు. తెల్లారి ఒకసారి అడగాలె. ఏడో రోజు అడగాలె. ఇరవై ఎనిమిదో రోజు అడగాలె. ఇరవై ఎనిమిదో రోజు కూడా చెప్తే పాసైనట్టు. చెప్పకపోతే సిగ్గు పడేది ఏం లేదు, చెక్కి మళ్లా పోసుడే. ఈ సంగతి చెప్తే మా సైట్ ఇంజనీర్ అన్నడు, హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అని ఒక జర్మన్ పెద్దాయన 1885లనే మతిమరుపు మీద పుస్తకం రాసిండు, మనిషి నేర్చుకున్నది ఎంత తొందరగ మర్చిపోతడో, మళ్లా మళ్లా చూస్తే ఎట్ల నిలుస్తదో తన మీద తనే ప్రయోగం చేసుకున్నడు అని. నాకు ఆయన తెల్వదు, క్యూబ్ టెస్ట్ తెలుసు. రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి.

ఇగ అడిగేదెవరు? నేను డ్యూటీల ఉంట. మా ఇంటామె ఆరో తరగతి దాక చదివింది, బీడీలు చేస్తది. ఇంగ్లీషు రాదు. కానీ నోట్‌బుక్‌ల ఎడమ దిక్కు ఇంగ్లీషు మాట, కుడి దిక్కు తెలుగు అర్థం, కింద సొంత వాక్యం రాపిచ్చినం. ఆమె తెలుగు దిక్కు చూసి అడుగుతది. కింద నుంచి తవ్వి బలహీనం చేసుడు, ఏంది మాట? బిడ్డ ఇంగ్లీషుల చెప్పి స్పెల్లింగ్ రాసి చూపియ్యాలె. అక్షరం అక్షరం చూసి సరిపోయిందా లేదా ఆమెనే టిక్ పెడుతది. ఆకు కత్తిరించుకుంట, చేతులు ఆపకుండ పరీక్ష పెడుతది. అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదు, పిల్లలకు మేమేం చెప్తం అనుకునేటోళ్లు ఈ ఒక్క ముక్క యాదుంచుకోండి. నేర్పనీకి ఇంగ్లీషు కావాలె. అడగనీకి అక్కరలేదు, రోజూ అడిగే మనిషి ఉంటే చాలు.

నా తప్పులు కూడా చెప్త. నేను ఏండ్ల సంది పొద్దున టూల్‌బాక్స్ టాక్‌ల 'ఎమినెంట్ డేంజర్' అని చెప్తున్న. ఒకరోజు అదే మాట బిడ్డకు పంపిన. రాత్రి మెల్లగ అన్నది, నాయినా, ఎమినెంట్ అంటే పేరున్న, గొప్ప అని. నువ్వు చెప్పాలనుకున్నది ఇమ్మినెంట్, ముంచుకొస్తున్నది అని. అంటే ఇన్నేండ్ల సంది గొప్ప పేరున్న ప్రమాదం అని చెప్తున్న అన్నట్టు! మా పోరగాండ్లు ఎవ్వరూ నవ్వలేదు, వాళ్లకూ తెల్వదు. ఆ రోజు నుంచి నేను ఏ మాట పంపినా డిక్షనరీల చూసిన తర్వాతనే నోట్‌బుక్‌ల ఎక్కాలె అని రూలు పెట్టుకున్నం. ఉచ్చారణకు ఫోన్ డిక్షనరీల స్పీకర్ బొమ్మ ఉంటది, అది నొక్కి వినుమని చెప్పిన. నా నోరు నమ్ముకోవద్దని.

ఇంకో తప్పు, సైట్ మాటలతోనే అన్నీ వస్తయి అనుకున్న. రావు. మనుషుల గుణం చెప్పే మాటలు, రెటిసెంట్, గ్రిగేరియస్, మాగ్నానిమస్ లాంటియి మన కాయితాలల్ల ఉండయి. వాటి కోసం రోజూ ఇంగ్లీషు పేపర్‌ల ఒక సంపాదకీయం చదువుతది. తెల్వని మాట రాంగనే డిక్షనరీ తియ్యొద్దు, ముందు వాక్యం చూసి అర్థం ఇదై ఉంటది అని పెన్సిల్‌తో రాయాలె, తర్వాత చూడాలె. పరీక్షల డిక్షనరీ ఉండదు గదా, ఊహించుడే పని. దొరికిన మాటకు మనిషిని వెతుకుతం. మా రూమ్మేట్ ఒకాయన రోజుకు పది మాటలు మాట్లాడడు, ఆయన రెటిసెంట్. ఆయనకు చెప్పిన. ఊ అన్నడు, అంతే.

లెక్క అడిగితే, ఇప్పటికి నోట్‌బుక్‌ల 860 మాటలున్నయి. ఇరవై ఎనిమిది రోజుల టెస్ట్ దాటినయి 610. పోయిన వారం మళ్లా పాత ప్రశ్నలు పెట్టుకున్నది, పదాల మీద పన్నెండుకు తొమ్మిది. సీటు వస్తదని నేను చెప్పలేను. దేశమంతటి పిల్లలు రాస్తరు, సీట్లు కొన్నే. పరీక్షకు ఇంకా పదకొండు రోజులున్నయి. కొత్త మాటలు బంద్ పెట్టినం. ఇప్పుడు క్యూరింగ్ ఒక్కటే.

కానీ ఒక సంగతి జరిగింది. పోయిన నెల మా ఆఫీసుల ఒక ఫారం ఇచ్చిండ్రు. సెలవు, టికెట్ పైసల గురించి. సంతకం పెట్టి ఇయ్యుమన్నరు. నేను ఎప్పటి లెక్కనే పెన్ను తీసిన. ఎందుకో ఆగి, ఫోటో తీసి బిడ్డకు పంపిన. పావుగంటకు వాయిస్ మెసేజ్ వచ్చింది. నాయినా, నాలుగో పాయింట్‌ల 'ఫర్‌ఫీట్' అని ఉన్నది. అంటే తారీఖు దాటితే నీకు రావలసింది పోతది అని. ఏ తారీఖో రాయలేదు. అడగకుండ సంతకం పెట్టకు.

అడిగిన. డిసెంబర్ లోపల తీసుకోకపోతే టికెట్ పైసలు పోతయి అన్నరు. ఆ తారీఖు ఫారం మీద రాయుమన్న. రాసిండ్రు. అప్పుడు పెట్టిన సంతకం. నాతోని ఇంకో పదమూడు మంది అట్లనే రాపిచ్చుకున్నరు. పాత కంపెనీల నాతోని పైసలు పోగొట్టుకున్న ఆయనకు ఆ రాత్రి నేనే ఫోన్ చేసి ఈ ముచ్చట చెప్పిన. ఇన్నేండ్లకు మొదటిసారి ఆ పాత కాయితం మాట మా నడుమ వచ్చింది. ఆయన అన్నడు, మా కొడుకు తొమ్మిదో తరగతి, ఆ నోట్‌బుక్ ఎట్ల రాయాల్నో నీ బిడ్డను చెప్పుమను అని.

సరే అన్నలూ, అక్కలూ, టైమ్ అయిపోయింది. రేపు పొద్దున సైట్ల, ఇంట్ల, దుకాణంల మీ కంటికి కనబడ్డ ఒక్క ఇంగ్లీషు మాట ఫోటో తీసి ఇంటికి పంపండి. ఇది ఇక్కడ ఏం పని చేస్తదో తెలుగుల చెప్పండి. ఏడు రోజులకు మళ్లా అడగండి. ఇరవై ఎనిమిది రోజులకు ఇంకోసారి. మర్చిపోతే కోపం చెయ్యకండి.

మా బిడ్డ పరీక్ష మంచిగ కావాలని మనసుల అనుకోండి. మీ పిల్లల కోసం నేనూ అనుకుంట. ఉంట మరి, నమస్తే.